ఇరవై అడుగులు, యాభై నిమిషాలు

మా నాన్న గీత కార్మికుడు. నల్గొండ జిల్లాలో మా ఊరి చెరువు కింద తాళ్లవనంలో పొద్దునా సాయంత్రం చెట్లెక్కి దిగేవాడు. నన్ను మాత్రం చెట్టు మొదలు దగ్గరికి కూడా రానిచ్చేవాడు కాదు. మా బాబాయి మోకు జారి పడి నడుం విరగ్గొట్టుకున్నాక ఆ కట్టడి ఇంకా గట్టిపడింది. "నువ్వు సదువుకో బిడ్డా, చెట్టు జోలికి రాకు" అనేవాడు. చదువుకున్నాను, అమెరికా వచ్చాను. ముప్పై ఎనిమిదో ఏట, విస్కాన్సిన్ అడవిలో, నడుముకు తాడు కట్టుకుని చెట్టెక్కడం నేర్చుకున్నాను. ఈ సంగతి నాన్నకు చెప్పడానికి రెండేళ్లు పట్టింది.

నేనుండేది మాడిసన్‌లో. మా టీమ్‌లో రిటైర్మెంట్‌కు దగ్గరపడిన పెద్దాయన ఒకడు నన్ను విల్లుతో చేసే ఈ జింకల వేటలోకి దింపాడు. నేను ఆయన్ని గురువుగారు అంటాను. అర్థం చెప్పాక తనూ ఆ పిలుపుకే పలుకుతున్నాడు. ఇక్కడ 1973 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు లైసెన్స్ కొనాలంటే ముందు వేటగాళ్ల భద్రతా కోర్సు చదవాలి. చదివి పాసయ్యాను. ఇంట్లో చెబితే అమ్మ మొదటి మాట, "జింకను కొడితే జైల్లో ఏస్తరు కదరా!" మన దగ్గర 1972 చట్టం వచ్చాక అంతే మరి. ఇక్కడేమో జింకలు పొలాల మీద పడి, రోడ్ల మీద కార్లకు అడ్డం పడి, ఏటా వేట తెరవకపోతే ఆగేలా లేవు. అమ్మ నమ్మలేదు. ఇప్పటికీ ఆ కూర వండితే ముట్టదు.

పోయిన అక్టోబర్ చివరి శని, ఆదివారాల్లో కిక్కపూ లోయకు వెళ్లాం. మాడిసన్ నుంచి 14వ నంబర్ హైవే పట్టుకుని స్ప్రింగ్ గ్రీన్, రిచ్‌లాండ్ సెంటర్ దాటి, రీడ్స్‌టౌన్ దగ్గర 131 మీదకు తిరిగితే లా ఫార్జ్ అనే చిన్న ఊరు వస్తుంది. రెండు గంటల దారి. మధ్యలో కార్లు నడపని ఆమిష్ మతస్థుల గుర్రపు బగ్గీలు ఎదురొస్తాయి, స్పీడు తగ్గించి వాళ్లకు దారివ్వాలి. విస్కాన్సిన్ అంటే చదును నేల అనుకునేవాళ్లు ఇక్కడికొచ్చి చూడాలి. మంచుయుగంలో చుట్టుపక్కలంతా హిమానీనదాలు చదును చేసి పోయాయి, ఈ నైరుతి మూలను మాత్రం ముట్టుకోలేదు. అందుకే నిటారు గుట్టలు, సన్నటి లోయలు, మలుపు మీద మలుపు తిరిగే కిక్కపూ నది. ఇటు పోయి అటు పోయేవాడు అని ఆ పేరుకు అర్థం చెబుతారు. నదికి సరిగ్గా సరిపోయింది.

ఊరి పైన 8,600 ఎకరాల రిజర్వు ఉంది. అది అడవిగా ఎలా మిగిలిందో తెలిశాక నాకు కాసేపు వేట సంగతే గుర్తుకు రాలేదు. వరదల్ని ఆపడానికి ఇక్కడ డ్యామ్ కడతామని 1962లో మంజూరు చేశారు. 140కి పైగా కుటుంబాల దగ్గర భూములు తీసుకున్నారు. 1971లో పని మొదలుపెట్టి, 1975లో ఆపేశారు. మళ్లీ ముట్టుకోలేదు. సగం కట్టిన కాంక్రీటు టవరు ఇప్పటికీ పచ్చికలో ఒంటరిగా నిలబడి ఉంది. 2000లో ఈ భూమిని రాష్ట్రానికి, ఇక్కడి ఆదివాసులైన హో-చంక్ జాతికి అప్పగించారు. ఇద్దరూ కలిసి చూసుకుంటున్నారు. ముంపు ఊళ్ల కథలు వింటూ పెరిగినవాణ్ణి. కానీ ఊరు లేచిపోయాక నీళ్లే రాని చోటును చూడటం ఇదే మొదటిసారి. నడుస్తుంటే అక్కడక్కడా ఇంటి పునాది రాళ్లు తగులుతాయి. వాటి మధ్య జింకలు పడుకుంటాయి.

ఆ పడకల గురించే మా ప్రయాణమంతా. తెల్లతోక మగ జింక, అదీ నాలుగైదేళ్లు బతికి తెలివి మీరిన జింక, పగలు ఎక్కడంటే అక్కడ తిరగదు. పొద్దుటికి పడక చేరి, చీకటి పడే వేళకు లేస్తుంది. పొలం గట్టున కూర్చుంటే అది వచ్చేసరికి బాణం వేసే వేళ దాటిపోతుంది. వెలుతురుండగా చూడాలంటే మనమే దాని పడకకు దగ్గరగా వెళ్లాలి. ఎంత దగ్గరగా? వంద గజాల లోపు. అదేమో గాఢంగా నిద్రపోదు, ఊరికే నెమరు వేస్తూ చెవులు తిప్పుతూ ఉంటుంది. దానికి వినబడకుండా చెట్టెక్కి, తాడు బిగించి, విల్లు పైకి లాక్కుని కూర్చోవాలి.

గుట్టల్లో మగ జింక పడక ఎక్కడుంటుందో గురువుగారు టీ కప్పును బోర్లించి చూపించాడు. గాలి ఏ వైపు నుంచి కొడుతుందో దాని అవతలి వాలు మీద, పైనుంచి మూడో వంతులో. వెనక నుంచి వచ్చేది వాసన చెబుతుంది, ముందు లోయలో కదిలేది కళ్లకు కనిపిస్తుంది. ఆ రోజు వాయవ్యం గాలి. అంటే ఆగ్నేయం వైపు ముక్కులా పొడుచుకొచ్చిన వాలు మీద పడక. వెనక నుంచి పోతే వాసన, కింద నుంచి పోతే చూపు. పైగా ఎండ కాసేంతసేపు కింది గాలి వాలెంబడి పైకి పాకుతుంది, మన వాసన కూడా దాంతోపాటే. అందుకని పక్క నుంచి, అడ్డగాలిలో, అదే ఎత్తులో రావాలి. సాయంత్రం వాలు నీడన పడ్డాక గాలి చల్లబడి కిందికి దిగుతుంది, అప్పుడు వాసన వాగులోకి పోతుంది.

శనివారం మధ్యాహ్నం ఒంటిగంటకు వాగులో దిగాం. ఆరు వందల గజాలకు గంట పట్టింది. నాలుగు రోజులుగా వాన లేదు, ఆకు అప్పడంలా విరుగుతోంది. దళసరి బట్టలన్నీ బ్యాగులో పెట్టి పలచటి చొక్కాతో నడిచాం. చెమట పడితే వాసన, ఆపైన చలి. చెట్టును నన్నే ఎంచుకోమని ఆయన తన చెట్టు వైపు వెళ్లిపోయాడు.

నేను ఎంచుకున్నది షాగ్‌బార్క్ హికరీ. నిటారుగా, కొమ్మలు లేకుండా, తాటిచెట్టులా ఉందని ముచ్చటపడ్డాను. దాని బెరడు పొడుగాటి పెచ్చులుగా లేచి వేలాడుతూ ఉంటుంది. మొదటి స్టిక్, అంటే చెట్టుకు కట్టి ఎక్కే మెట్ల కడ్డీ, కట్టి కాలు మోపగానే అరచెయ్యంత పెచ్చు ఊడి చర్రుమంటూ రాలింది. ఆగాను. రెండోది ఎక్కాను. ఇంకో పెచ్చు. మూడో స్టిక్ బిగిస్తుంటే పట్టీ చివరి ఇనుప బకిల్ చేతిలోంచి జారి కింది స్టిక్‌కు తగిలింది. టింగ్! గుడిగంట కొట్టినా అంత దూరం పోదేమో. రెండు క్షణాలు ఏమీ లేదు. తర్వాత పై నుంచి ఒక పెద్ద చీదు, గాలిని ముక్కులోంచి పేల్చినట్టు. కాలితో నేలను తన్నిన చప్పుడు. చెట్ల మధ్య తెల్లటి తోక జెండాలా లేచి, గుట్ట దాటిపోయింది. పన్నెండు అడుగుల ఎత్తులో, చెట్టును కౌగిలించుకుని, నేను.

సాయంత్రం గురువుగారు తిట్టలేదు. "చెట్టు ఎక్కే ముందు దాన్ని చేత్తో నిమిరావా?" అని మాత్రం అడిగాడు. లేదు.

ఆ రాత్రి మోటెల్ గదిలో సామానంతా మంచం మీద పరిచి కూర్చున్నాం. ముందు ఒంటి మీద పిడుదులు చూసుకున్నాం, జింక పిడుదు కుడితే లైమ్ జ్వరం రావచ్చు. తర్వాత టేపు పని. నాలుగు స్టిక్కులు, పైన కాళ్లు పెట్టుకునే చిన్న పలక. ఇనుముకు ఇనుము తగిలే ప్రతి చోటా గుడ్డ టేపు చుట్టాం. బకిళ్ల పట్టీలు తీసేసి తాళ్లు కట్టాం. తాడు జారినా మోగదు. కొక్కేలు ఏ జేబులో ఏది, ఏది ముందు, ఏది వెనక, కళ్లు మూసుకుని తీసి పెట్టడం ఇరవై సార్లు చేయించాడు. మన దగ్గర చేలల్లో, అడవుల్లో మంచె అంటే కర్రలతో కట్టిన గట్టి అరుగు. ఇప్పుడు వీళ్లలో చాలామంది మంచె మానేసి శాడిల్ వాడుతున్నారు. అది నడుముకు, తొడలకు పట్టే జోలె. చెట్టుకు కట్టిన తాడు మీద వెనక్కి వాలి వేలాడటమే. చెట్టు మధ్యలో ఉంటుంది కాబట్టి జింకకు మనిషి కనబడడు. ఎక్కేటప్పుడు నడుం చుట్టూ, చెట్టు చుట్టూ తిప్పి పట్టుకునే తాడు ఒకటి ఉంటుంది. దాన్ని వీళ్లు లైన్‌మ్యాన్ బెల్ట్ అంటారు. మా నాన్న మోకు అంటాడు. పని ఒకటే. తేడా ఏమిటంటే మోకు జారితే మనిషి కింద ఉంటాడు, ఇక్కడ తాడు తగిలించే జోలెకు తొడల పట్టీలు కూడా ఉంటాయి. 2024లో మన దగ్గర కాటమయ్య రక్షణ కవచం పేరుతో గీత కార్మికులకు ఇవ్వడం మొదలుపెట్టిన కిట్లు చూశాక, ఇదేదో నాకు తెలిసిన సామానే అనిపించింది. బాబాయి పడిన ఏడాది అలాంటిది ఒకటుంటే ఏమయ్యేదో అని ఆలోచించడం మొదలుపెడితే ఇక నిద్ర పట్టదు.

రాత్రి వాన పడింది. ఆదివారం మబ్బు, ఉండుండి ఈదర గాలి. గురువుగారి ముఖం వెలిగిపోయింది. తడిసిన ఆకు మాట్లాడదు. గాలి వీస్తే అడవంతా చప్పుడు చేస్తుంది, ఆ చప్పుడులో మనది కలిసిపోతుంది. నిన్నటిది కాక ఇంకో గుట్ట, అదే లెక్క. ఈసారి నేను మూడు చెట్లను నిమిరాక ఎర్ర ఓక్ పట్టుకున్నాను. బెరడు గట్టిగా అంటుకుని ఉంది, ఊడదు. మిగతా చెట్లు రాలినా ఓక్ గోధుమరంగు ఆకును చాలారోజులు వదలదు, కాబట్టి చాటు కూడా. పడక ఉంటుందనుకున్న పొద ఎనభై గజాల దూరంలో ఉంది.

రెండూ పదికి మొదలుపెట్టాను. గాలి వీచినప్పుడే కదలాలి, ఆగితే ఆగాలి. ఇదే నియమం. కాలు పెట్టాక బరువు మెల్లగా వేయాలి, పిల్లాడు పడుకున్న గదిలోంచి బయటికొచ్చేటప్పుడు వేసినట్టు. బూటు ముక్కు బెరడుకు రాసుకోకూడదు. కొక్కెం మూసేటప్పుడు టక్కుమనకుండా బొటనవేలు అడ్డం పెట్టాలి. ఒక స్టిక్‌కూ ఇంకో స్టిక్‌కూ మధ్య గాలి నాలుగు నిమిషాలు రాలేదు. ఎనిమిది అడుగుల ఎత్తులో ఒంటికాలి మీద అలాగే నిలబడ్డాను. పిక్కలు వణికాయి. చలికాలానికి గింజలు దాచుకునే ఉడత ఒకటి నన్ను చూసి గోల పెట్టింది. దాన్ని జింకలు పట్టించుకోవట, అది అందరినీ తిడుతుంది.

పైకి చేరి, తాడు బిగించి, విల్లును దారంతో లాక్కుని, బ్యాగు తగిలించి గడియారం చూస్తే మూడు. ఇరవై అడుగులకు యాభై నిమిషాలు.

తర్వాత రెండు గంటలు ఏమీ జరగలేదు. రాయడానికేమీ లేదు.

ఐదూ ఐదుకు పొదలో ఒక ఎండు కొమ్మ కదిలింది. గాలి లేదు. చూస్తే కొమ్మ కాదు, కొమ్ము. అది అక్కడే పడుకుని ఉంది, నేను ఎక్కుతున్నంతసేపూ. లేచింది. ముందు వెనక కాళ్లు, తర్వాత ముందు కాళ్లు. వీపు వంచి ఒళ్లు విరుచుకుంది, మా ఊరి కుక్క పొయ్యి దగ్గర్నుంచి లేచినట్టు. మూత్రం పోసింది. పది నిమిషాలు కదలకుండా నిలబడి లోయను చూసింది. ఒక చిన్న మొక్కకు కొమ్ములు రాసి గలగలలాడించింది. అడుగడుక్కీ టెన్షన్, నా గుండె చప్పుడు దానికి వినబడుతుందేమోనని నిజంగా భయపడ్డాను. నేను బాణం వేయగలిగేది పాతిక గజాల లోపు. అది డెబ్బై గజాల్లోనే ఉండి, తాపీగా గుట్ట మీదకు ఎక్కి అవతలికి దిగిపోయింది. నా వైపు ఒక్కసారి కూడా చూడలేదు.

విల్లు కొక్కెం మీదే ఉంది. నాకు నవ్వొచ్చింది, నోరు మూసుకుని నవ్వాను.

వేట వేళ అయిపోయింది, విల్లు దించబోతున్నాను. అప్పుడు కింద అడుగుల చప్పుడు. ఆడ జింక, వెనక ఈ ఏటి పిల్ల. సరిగ్గా నా చెట్టు కిందికొచ్చి ఓక్ గింజలు ఏరుకోవడం మొదలుపెట్టాయి. ఎనిమిది గజాలు. చీకటి, బాణం వేయకూడదు. దిగితే బెదిరి ఈ గుట్ట మొత్తానికి చాటింపు వేస్తాయి. మళ్లీ ఈ చెట్టు పనికిరాదు. కాబట్టి వేలాడుతూ ఉన్నాను. గింజలు కొరుకుతున్న కటకట వినబడుతోంది. తొడల పట్టీలు కోసుకుపోయి కాళ్లు తిమ్మిరెక్కాయి, ఒక కాలు తర్వాత ఒకటి పలక మీద బరువు మార్చుకుంటూ నలభై నిమిషాలు. అవి వెళ్లాక దిగడానికి ఇంకో అరగంట. కింద నిలబడితే మోకాళ్లు నావి కానట్టున్నాయి.

ట్రక్కు దగ్గర గురువుగారు ఒక చిన్న ఆడ జింకను కొట్టి, దాని పక్కనే కూర్చుని ఉన్నాడు. మరునాడు సాయంత్రం ఐదు లోపు ఆన్‌లైన్‌లో నమోదు చేయాలి. తలను పరీక్షకు ఇస్తానన్నాడు. 2002లో మా మాడిసన్ పడమటి వైపే జింకల్లో మెదడును తినేసే జబ్బు ఈ రాష్ట్రంలో మొదటిసారి బయటపడింది. అప్పటి నుంచి రిపోర్టు రాకుండా ఆయన ఇంట్లో మాంసం వండరు. నా కథంతా విని, "నువ్వు ఎక్కుతుంటే అది లేవలేదా?" అని రెండుసార్లు అడిగాడు. లేవలేదని రెండుసార్లు చెప్పాను.

తిరుగుదారిలో స్ప్రింగ్ గ్రీన్ దగ్గర పెట్రోలు కొట్టించుకుంటూ ఇంటికి ఫోన్ చేశాను. అక్కడ పొద్దున ఎనిమిది. రెండేళ్లుగా దాచింది ఆ పూట ఎందుకు చెప్పాలనిపించిందో, చెప్పేశాను. నాన్న కోప్పడలేదు. కాసేపు ఊరుకుని, తాడు గురించి అడిగాడు. దేనితో చేస్తారు, ఎంత దొడ్డు, తొడలకు కూడా పట్టీ ఉందా, దిట్టంగా ఉందా. అన్నీ విన్నాక,

"ఎంత ఎత్తు ఎక్కినవ్?"

"ఇరవై అడుగులు."

"ఎంతసేపు పట్టింది?"

"యాభై నిమిషాలు."

నాన్న అంతసేపు నవ్వడం నేనెప్పుడూ వినలేదు. "అట్లెక్కితే నువ్వు చెట్టు దిగేసరికి కల్లు పులిసిపోతది బిడ్డా" అన్నాడు.