మానేశానని నేను చెప్పాను, మిషన్ ఒప్పుకోలేదు

గుండె రక్తనాళం మూసుకుపోకుండా పెట్టే స్టెంట్ వేయించుకుని రెండేళ్లు దాటింది. వేసిన కొత్తలో మూడు నెలలు బీడీ ముట్టలేదు. తర్వాత రోజుకి ఒకటి, పోనుపోను ఐదు. ఒకప్పుడు కట్టకి కట్ట ఊదేసినవాణ్ణి, ఐదంటే లెక్కేముందిలే అనుకునేవాణ్ణి. మాది ఒడిశా పర్లాకిమిడిలో కిరాణా కొట్టు. బీడీ కట్టల డబ్బా నా కుడిచేతి పక్కనే ఉంటుంది. ఇంట్లోవాళ్లకి మాత్రం నేను మానేసినవాణ్ణి.

ఈ వానాకాలం ఫ్లూ జ్వరం పట్టుకుంది. ఐదు రోజులు నోరంతా చేదు, బీడీ తలుచుకుంటేనే కడుపులో తిప్పేది. అడక్కుండా వచ్చిన అవకాశం అది, చేజేతులా పోగొట్టుకున్నాను. ఆరో రోజు కొట్టు తెరిచి దేవుడికి అగరొత్తి వెలిగించి, అదే అగ్గిపుల్లతో బీడీ కూడా అంటించాను. మా వీధిలో సూదిమందు వేసే ఆయనొకడున్నాడు. సెలైన్ ఎక్కించి ఒళ్లునొప్పులకి గట్టి మాత్రలిచ్చాడు. గుండెకి ఏమైనా చేయించుకున్నావా అని ఒక్క ముక్క అడగలేదు. ఆ రకం నొప్పి మాత్రలు గుండె జబ్బు ఉన్నవాళ్లు అడక్కుండా వాడకూడదని విశాఖ ఆసుపత్రిలో చెప్పాకే తెలిసింది. జ్వరం వస్తే ముందు స్టెంట్ సంగతి మీరే చెప్పండి, వాళ్లు అడుగుతారని కూర్చోకండి.

తొమ్మిదో రోజు గోడౌన్ మెట్లు నాలుగు ఎక్కేసరికి గుండె దడదడలాడి బియ్యం బస్తా మీద కూలబడ్డాను. మా అబ్బాయి చూడనే చూశాడు. పాతపట్నంలో ఈసీజీ తీయించి, అటునుంచి అటే కారులో విశాఖ. నాడి 118 కొడుతోంది. రక్తపరీక్షలు, ఎకో అనే గుండె స్కాను ఒక్క పూటలో అయిపోయాయి. కొత్తగా అటాక్ ఏమీ రాలేదన్నారు.

కౌంటర్ దగ్గర మాత్రం మా ఒడిశా ఆరోగ్య కార్డు చూసి అరగంట నిలబెట్టారు. పైగా "ఒడిశావాళ్లు కదా, తెలుగు ఇంత బాగా ఎలా వచ్చింది?" అని ఒకడి ఆశ్చర్యం. మహేంద్రతనయ ఏటికి ఈ పక్క ఆ పక్క మాట్లాడేది ఒకటే బాబూ, 1936లో మమ్మల్ని ఒడిశాలో కలిపినప్పుడు మా నోళ్లు మార్చలేదు అన్నాను. కార్డు సంగతి ముందే ఫోన్ చేసి కనుక్కుని వెళ్లండి.

ఇక అసలు సంగతి. డాక్టరుగారు "పొగ తాగుతారా?" అన్నారు. పక్కన మా ఆవిడ, వెనకాల అబ్బాయి, తలుపు దగ్గర వంతు కోసం నిలబడ్డ మరో ఇద్దరు. "మానేసి రెండేళ్లయింది సార్" అన్నాను. ఆయన తల కూడా ఎత్తకుండా జూనియర్ అమ్మాయికి చెయ్యి ఊపారు. ఆ పిల్ల సెల్‌ఫోనంత మిషన్‌కి అట్ట గొట్టం ఒకటి తగిలించి తెచ్చింది. "అంకుల్, గట్టిగా ఊపిరి పీల్చి బిగబట్టండి. 15 లెక్కపెట్టాక నెమ్మదిగా ఊదండి" అంది. ఊపిరితిత్తుల బలం చూస్తున్నారనుకుని ఉన్న శక్తంతా పెట్టి ఊదాను. అంకె ఎక్కుతూ ఎక్కుతూ 17 దగ్గర ఆగింది. బాగా ఊదానని మురిసిపోయాను కూడా.

అది ఊపిరిలో కార్బన్ మోనాక్సైడ్ ఎంతుందో చెప్పే మిషనట. పది దాటిందంటే పొగ తాగినట్టే లెక్క. నేను ఊరుకుంటానా? "అగరొత్తుల పొగమ్మా" అన్నాను. ఆ అమ్మాయి నవ్వింది. "హైవే మీద దారంతా లారీల పొగే" అన్నాను. అప్పుడా పిల్ల మా ఆవిడ వైపు తిరిగి "ఆంటీ, మీరూ అదే కారులో వచ్చారా?" అని గొట్టం మార్చి ఆవిడ చేతికిచ్చింది. మా ఆవిడ మొహమాటపడుతూనే ఊదింది. 2.

తలుపు దగ్గర ఎవరో కిసుక్కుమన్నారు. మా అబ్బాయి గోడ మీది క్యాలెండరు చూస్తున్నాడు. మా ఆవిడ నెమ్మదిగా "చొక్కా వాసనేంటని అడిగితే కొట్టుకొచ్చినవాళ్లు కాలుస్తున్నారని చెప్పారు కదండీ" అంది. తగరపువలసలో టీకి ఆగినప్పుడు బాత్రూమ్ వంకతో లారీ చాటున రెండు కాల్చి వచ్చాను. గుండె దడతో ఆసుపత్రికి వెళుతూ! ఆ రెండూ నా ఊపిరిలో అంకెలై కూర్చున్నాయి.

డాక్టరుగారు తిట్టలేదు, అది ఇంకా నరకం. ఫ్లూ వచ్చిన మొదటి వారంలో గుండెపోటు ముప్పు మామూలు రోజులకంటే ఆరు రెట్లని కెనడాలో తేల్చారట, 2018లో అచ్చయింది. జ్వరానికి రక్తనాళాల్లో వాపు వస్తుంది, లోపలి కొవ్వు పూడిక పగిలే ప్రమాదం పెరుగుతుంది, రక్తం గడ్డకట్టే గుణమూ ఎక్కువవుతుంది. పొగ కూడా ఆ పనే చేస్తుంది. పైగా నికోటిన్ గుండెని పరిగెత్తిస్తుంటే, ఆ మోనాక్సైడ్ ఏమో ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా హిమోగ్లోబిన్ని పట్టుకుని గుండెకి అందాల్సింది అందనివ్వదు. "కోలుకుంటున్న ఎద్దుని మెట్ట ఎక్కిస్తున్నారు, మేత లాగేసుకుంటున్నారు" అన్నారాయన.

ఐదే కదా అన్నాను. రోజుకి ఒక్క సిగరెట్ కాల్చినా, 20 కాల్చేవాడికుండే అదనపు గుండె ముప్పులో సగం దాకా ఉంటుందట. కెందు ఆకు, అదే తునికాకు బీడీ కదా, సహజమైనది అన్నాను. ఆ ఆకు సరిగ్గా కాలదు కాబట్టి మోనాక్సైడ్ సిగరెట్ కంటే ఎక్కువే వస్తుందన్నారు. ఇన్నేళ్లుగా అమ్ముతున్నాను, ఈ ముక్క నాకు తెలీదు.

డాక్టర్లకి ఒక విన్నపం. ఆ ప్రశ్న ఇంట్లోవాళ్లని బయటికి పంపి అడగండి. నిజం చెప్పేవాణ్ణేమో.

ఫ్లూ టీకా ఏటా వేయించుకోమన్నారు, వేయించుకున్నాను. బీడీకి బదులు ఆయనే రాసిన 2 మిల్లీగ్రాముల నికోటిన్ గమ్‌ని మొదటి రోజు కిళ్లీలా నమిలేసి రాత్రంతా ఎక్కిళ్లు పెట్టాను. చురుక్కుమనగానే నమలడం ఆపి బుగ్గన పెట్టుకోవాలి. పొగాకు మానడానికి సాయం చేస్తారని సిగరెట్ పెట్టె మీదున్న 1800-11-2356 నంబరుకి కూడా ఫోన్ చేశాను. నేనే అమ్ముతూ ఎన్నడూ చదవని నంబరు.

నలభై రోజులయింది. మొన్న మళ్లీ ఊదితే 3 చూపించింది. మిషన్‌ని ముందుగా మా ఆవిడకే చూపించమన్నాను. అమ్మడం మానేశావా అని మాత్రం అడక్కండి, అప్పులున్నాయి. బీడీల డబ్బా అబ్బాయి తన బల్ల సొరుగులోకి మార్చుకున్నాడు. తాళం వాడి మొలతాడుకి ఉంటుంది.