చివరన జారిపోయిన ‘యో’

దక్షిణ కొరియాలోని పోహాంగ్ నగరానికి వచ్చిన మొదటి చలికాలంలో, ఉక్కు నమూనాలను లాగి విరిచి వాటి బలాన్ని కొలిచే ప్రయోగశాలలో నా పని ముగిసేసరికి రాత్రి ఎనిమిదయ్యేది. గదికి చేరి, పెరుగన్నంలో కిమ్చి నంజుకుంటూ, ‘హోమ్‌టౌన్ చా చా చా’ అనే కొరియన్ ధారావాహికను రోజుకొక భాగం చొప్పున చూసేవాణ్ణి. 2021 ఆగస్టు చివరి నుంచి అక్టోబరు దాకా టీవీఎన్ ఛానల్‌లో శని, ఆదివారాల్లో వచ్చిన 16 భాగాల ప్రేమకథ అది. నేను దానిని ఎంచుకోవడానికి కారణం కథ కాదు. షూటింగ్ మా ఊరి చుట్టుపక్కలే జరిగిందని ఒక సహోద్యోగి చెప్పడం.

సియోల్‌లో ఉద్యోగం వదులుకున్న దంతవైద్యురాలు యూన్ హ్యే-జిన్ (నటి షిన్ మిన్-ఆ) గోంగ్జిన్ అనే కల్పిత సముద్రతీర గ్రామంలో క్లినిక్ తెరుస్తుంది. ఊళ్లో ఏ పని పడినా కనీస వేతనానికి చేసిపెట్టే హాంగ్ దూ-షిక్ (కిమ్ సన్-హో) ఆమెకు అడుగడుగునా తారసపడతాడు. ఆ ఏడాది కొరియాలో కనీస వేతనం గంటకు 8,720 వాన్‌లు. అతడిని ఊరంతా ‘హాంగ్ బన్‌జాంగ్’ అంటారు; బన్‌జాంగ్ అంటే నాలుగిళ్ల మంచిచెడ్డలు చూసే పేటపెద్ద. ఇంగ్లిష్ సబ్‌టైటిళ్లలో అది ‘చీఫ్’ అయి, పాపం అతడిని పోలీసు అధికారిని చేసింది.

సబ్‌టైటిళ్లు అంతకంటే పెద్ద విషయాన్నే మింగేశాయి. దూ-షిక్ అందరితోనూ ‘బన్‌మల్’లోనే, అంటే నువ్వు అన్నట్టుగానే, మాట్లాడతాడు. తినేశారా అని మర్యాదగా అడగాలంటే కొరియన్‌లో ‘బప్ మొగొస్సొయో’ అంటారు; చివరి ‘యో’ తీసేస్తే అది ‘తిన్నావా’ అవుతుంది. ఆ ‘యో’ అచ్చంగా మా తణుకు ‘అండి’. మా వైపు టీ కొట్టులో చిల్లర అడిగినా, రిక్షా బేరమాడినా, చివరకు పోట్లాడినా వాక్యం చివర ‘అండి’ పడాల్సిందే కనుక, ‘యో’ ఎక్కడ ఉందో, ఎక్కడ జారిందో పట్టుకోవడానికి నాకు వ్యాకరణ పుస్తకం అక్కరలేకపోయింది. ఎనభై దాటిన గామ్రి బామ్మతో దూ-షిక్ బన్‌మల్‌లో మాట్లాడితే నాకు తప్పనిపించలేదు. మనం మాత్రం అమ్మమ్మను మీరు అంటామా? కానీ ముక్కూమొహం తెలియని దంతవైద్యురాలితో అతడు అదే ధోరణిలో మాట్లాడినప్పుడు ఆమెకెంత చిర్రెత్తిందో నాకూ అంతే ఎత్తింది. ఇంగ్లిష్‌లో చదువుకునేవారికి రెండుచోట్లా ఒకే ‘యూ’ కనబడుతుంది. వాళ్లిద్దరి మధ్య దూరం ఎంత తగ్గిందో ముద్దు సన్నివేశం కన్నా ముందే వాక్యాల చివర్లలో వినవచ్చు. నన్ను రాత్రి పన్నెండు దాకా కూర్చోబెట్టింది అదే.

అయితే ఈ తెలివి ఆఫీసులో అక్కరకు రాలేదు. దూ-షిక్ మాటలే చెవిలో తిరుగుతుండగా, ఒక మధ్యాహ్నం క్యాంటీన్‌లో ఎదురుగా కూర్చున్న మా విభాగాధిపతిని నవ్వుతూ ‘బప్ మొగొస్సొ?’ అని పలకరించాను. ఆయన చేతిలోని చాప్‌స్టిక్స్ ముల్లంగి ముక్క మీదే ఆగిపోయాయి, పక్కనున్నవారు తలవంచి తమ సూప్‌ను పరీక్షగా చూడసాగారు. కాసేపటికి ఆయనే ‘ఆఁ, తిన్నాను’ అని నవ్వేశారు. బయటకు వచ్చాక సహోద్యోగి మెల్లగా అన్నాడు: “కొరియన్ నేర్చుకోవాలంటే హీరో దగ్గర కాదు, ఆ డాక్టరమ్మ దగ్గర నేర్చుకోండి.”

వసంతంలో అతడే నన్ను ఛంగ్‌హా సంతకు తీసుకువెళ్లాడు. ధారావాహికలో గోంగ్జిన్ బజారుగా కనబడేది ఇదే. ఐదు రోజులకొకసారి నిజంగానే సంత జరుగుతుంది. షూటింగ్ కోసం నిలబెట్టిన స్క్విడ్ బొమ్మ ఇంకా అక్కడే ఉంది. దాని పక్కన ఫొటోలు దిగేవారిని పట్టించుకోకుండా, ఒక ముసలమ్మ నేల మీద గోనె పరచి, ఉల్లికాడలను వేర్లు తుంచి కట్టలు కడుతూ కూర్చుంది. నడుము వంగిన ఆ తీరు, కట్ట బిగించేటప్పుడు పంటితో దారం పట్టుకోవడం చూసి, మా సోమవారం సంతలో నిలబడ్డట్టే అనిపించింది.

అక్కడే సహోద్యోగి నా పుట్టిన సంవత్సరం అడిగాడు. 2023 జూన్‌లో ఈ దేశం వయసు లెక్కను ప్రపంచ పద్ధతికి మార్చుకున్నా ఈ ప్రశ్న మాత్రం మారలేదు. తాను నాకంటే ఐదేళ్లు పెద్దవాడినని తేల్చుకుని, “మల్ న్వా” అన్నాడు. మాటను కిందికి దించెయ్, ఇక నువ్వు అనే అను అని దాని భావం. కొరియాలో అది చిన్న సంగతి కాదు కనుక నాకు సంతోషంతో గొంతు పట్టేసింది. వెంటనే అతడు పరీక్ష పెట్టినట్టు, “బప్ మొగొస్సొ?” అన్నాడు.

నోరు తెరిచాను. తణుకు నాలుక ఎక్కడికి పోతుంది?

“మొగొస్సొయో” అన్నాను.