పాత కెమెరాకి చెవులు

ఆదివారం, రాత్రి పదకొండున్నర.

పొద్దున నేను లేచేసరికే నాన్న గోడ గడియారాన్ని దింపి, నేల మీద పాత దుప్పటి పరిచి దాన్ని పడుకోబెట్టేశాడు. "పది దాటాక విప్పుతానన్నావు కదా నాన్నా" అన్నాను. "విప్పలేదుగా, దించానంతే" అన్నాడు. లోలకం ఊగే ఆ కీ గడియారాన్ని బాగుచెయ్యడం ఆయనకి వృత్తి కాదు, సరదా అని కూడా అనలేను. పంతం. అది ఆగిపోయిన ప్రతిసారీ ఆయన కూర్చుంటాడు, అది మళ్ళీ నడుస్తుంది. ఈసారి ఆ కూర్చోవడాన్ని వీడియో తియ్యాలని నెల రోజుల నుంచి అనుకుంటున్నాను.

నా దగ్గరున్నది కెనాన్ 550డీ. 2010 మోడల్. డీఎస్‌ఎల్‌ఆర్‌లు, అంటే లోపల అద్దం ఉండి లెన్స్ మార్చుకోగలిగే కెమెరాలు, వీడియో తియ్యడం 2008లో నికాన్ డీ90తో మొదలైంది, అదీ 720పీ (బొమ్మలో 720 వరసల చుక్కలు) వరకే. అదే ఏడాది కెనాన్ 5డీ మార్క్ 2 పూర్తి 1080పీతో వచ్చి చాలామందికి పిచ్చెక్కించింది. రెండేళ్ళు తిరక్కుండానే 550డీ లాంటి చిన్న బాడీలో కూడా 1080పీ, పైగా షట్టర్ (ఒక్కో ఫ్రేముకి వెలుగు పడే సమయం), ఎపర్చర్ (లెన్స్ లోపలి రంధ్రం) మన చేతిలో. అంత ముద్దుగా కొనుక్కున్నదాన్ని ఫోన్ కెమెరాలు మెరుగుపడ్డాక బీరువాలో పెట్టేశాను. ఈ నెలలో కొంచెం డబ్బు పక్కన పెట్టగలిగాక మొదట వచ్చిన ఆలోచన మాత్రం అందరికీ వచ్చేదే: దీన్ని అమ్మేసి మిర్రర్‌లెస్ (అద్దం లేని కొత్తరకం కెమెరా) కొనేద్దామని. లెక్క వేశాను. బాడీ కొంటే లెన్స్‌కి మిగలదు. లెన్స్ కూడా కొంటే అప్పు మిగులుతుంది. సరే, ఉన్నదాన్నే ముస్తాబు చేద్దామనుకున్నాను.

సెకండ్ హ్యాండ్‌లో 50 ఎంఎం ఎఫ్/1.8 లెన్స్ దొరికింది. కొనేముందు వెనకనుంచి టార్చి కొట్టి లోపల సాలెగూడు లాంటి ఫంగస్ ఉందేమో చూసుకున్నాను. ఒకటి రెండు దుమ్ము రవ్వలు ఉన్నాయి, ఉండనీ, బొమ్మలో కనబడవు. ఈ కెమెరాలోని చిన్న సెన్సర్ మీద 50 అంటే చూపులో 80 ఎంఎం లెక్క, అంటే అంతా ఇంకా దగ్గరగా కనబడుతుంది. గదిలో వెనక్కి వెనక్కి జరిగి గోడకి వీపు ఆనించాల్సి వచ్చింది. ఎన్‌డీ ఫిల్టర్ (లెన్స్ ముందు పెట్టి వెలుగు తగ్గించే నల్లద్దం) కూడా కొనాలని లిస్టులో రాసుకుని కొట్టేశాను. ఎండలో తీసేవాళ్ళకి అది తప్పదు. నేను తీసేది కిటికీ పక్కన. నల్లద్దం నాకెందుకు?

మెమరీ కార్డు విషయంలో మాత్రం బుద్ధి వచ్చింది. బీరువాలోని పాత క్లాస్ 4 కార్డుతో పరీక్ష చేస్తే రికార్డింగ్ మధ్యలో దానంతటదే ఆగిపోయింది. కెమెరా పాడైందని గంటసేపు టెన్షన్ పడ్డాను. మాన్యువల్ తీస్తే, వీడియోకి క్లాస్ 6 గానీ అంతకన్నా వేగంగా రాసే కార్డు గానీ కావాలని ఎప్పుడో రాసి ఉంది. కొన్నప్పుడు చదివుంటే కదా.

ఇక మైకు. ఇక్కడే ఈ రోజంతా గడిచింది.

ఈ మోడల్లో సౌండ్ లెవెల్ పూర్తిగా ఆటోమేటిక్. మనిషి మాట్లాడినంతసేపూ బాగానే ఉంటుంది. మాట ఆగగానే, ఏదో వినబడాలని చెవి రిక్కించినట్టు కెమెరా లెవెల్ పెంచేస్తుంది, దాంతో గదిలో లేని 'స్‌స్‌స్' మొత్తం పైకి లేస్తుంది. నాన్న స్క్రూడ్రైవర్ కింద పెడితే చాలు, ఉలిక్కిపడి మళ్ళీ తగ్గించేస్తుంది. ఫ్యాక్టరీలో తీస్తే ఎవరికీ పట్టదు. నేను తీసేది గడియారం. ప్రతి టిక్కుకీ మధ్య ఉన్న నిశ్శబ్దమే దాని సంగతి.

అందుకని పోయినవారం మ్యాజిక్ లాంటర్న్ ఎక్కించాను. ఉచితంగా దొరికే అదనపు ఫర్మ్‌వేర్ (కెమెరాని నడిపే సాఫ్ట్‌వేర్) అది. కెమెరా సొంత సాఫ్ట్‌వేర్‌ని తీసెయ్యదు, కార్డు మీద కూర్చుని దానితో పాటు నడుస్తుంది. 550డీకైతే ముందు కెమెరాలో 1.0.9 వెర్షన్ ఉండాలి. ఏదన్నా తేడా వస్తే బాధ్యత మనదే అని వాళ్ళే చెప్తారు, కాబట్టి వేలు వణికింది. ఎక్కింది. ఆటో లెవెల్ ఆపెయ్యొచ్చు, చేత్తో పెట్టుకోవచ్చు, అన్నిటికన్నా ముఖ్యం స్క్రీన్ మీద సౌండ్ గీతలు ఊగుతూ కనబడతాయి. ఈ కెమెరాకి హెడ్‌ఫోన్ రంధ్రం లేదు. కనీసం చూడనిచ్చింది.

ఆ గీతలే ఈ రోజు నా పరువు కాపాడాయి. కొత్తగా కొన్న కాలర్ మైకుని నాన్న చొక్కాకి తగిలించి, వైరు కెమెరాకి గుచ్చి, "ఏదన్నా మాట్లాడు నాన్నా" అన్నాను. "ఏం మాట్లాడాలిరా" అన్నాడు. గీత కదల్లేదు. "గట్టిగా" అన్నాను. "చెవుడు నాకా దానికా?" అన్నాడు. గీత కదల్లేదు. పిన్ను ఊడదీసి చూస్తే దాని మీద నల్లగీతలు మూడున్నాయి. మూడు గీతలంటే నాలుగు భాగాలు, ఫోన్ కోసం చేసిన పిన్ను. కెమెరాకి రెండు గీతల పిన్ను కావాలి. రెండూ 3.5 ఎంఎమ్మే, రెండూ ఒకే రంధ్రంలోకి దిగుతాయి, అందుకే కొనేటప్పుడు నా బుర్రలోకి దిగలేదు. మార్చే చిన్న అడాప్టర్ ఉంటుంది, కానీ ఆదివారం, గడియారం సగం విప్పి ఉంది, నాన్న ఓపిక అంతకన్నా సగం ఉంది.

మైకుని ఫోన్‌కే తగిలించి, ఫోన్ నాన్న జేబులో వేశాను. కెమెరా సౌండ్ కెమెరాలో, అసలు సౌండ్ ఫోన్‌లో. మొదట్లో ఫ్రేమ్‌లో కనబడేలా ఒకసారి చప్పట్లు. తర్వాత ఎడిటింగ్‌లో చేతులు కలిసిన ఫ్రేమ్‌నీ, సౌండ్‌లో లేచిన గీతనీ ఒకచోట పెడితే సరిపోతుంది. రెండు పరికరాల గడియారాలు ఎప్పుడూ అచ్చంగా ఒక్కలా నడవవు కాబట్టి చాలాసేపు తీస్తే పెదాలూ మాటా విడిపోతాయంటారు. నాకా భయం లేదు. 550డీలో ఒక ఫైలు 4 జీబీ దాటదు, 1080పీలో అది పన్నెండు నిమిషాలు. ప్రతి పన్నెండు నిమిషాలకీ మళ్ళీ నొక్కాలి, మళ్ళీ చప్పట్లు కొట్టాలి. లోపమని తిట్టుకున్నదే ఉపకారం చేసింది. మూడోసారికి నాన్నే కెమెరా వైపు తిరిగి, అడక్కుండా చప్పట్లు కొట్టాడు.

తియ్యడం గురించి పెద్దగా రాయడానికేం లేదు. ట్యూబ్‌లైట్ ఆర్పేశాను. 50 హెర్ట్జ్ కరెంటుకి సెకనుకి 25 ఫ్రేములు, 1/50 సెకను షట్టర్ పెడితే లైటు మిణుకు కనబడదని తెలిసినా, కిటికీ వెలుగుతో దాని రంగు కలవదు. మొదట ఆశపడి ఎఫ్/1.8లో, అంటే లెన్స్ రంధ్రం పూర్తిగా తెరిచి తీశాను. స్క్రూ తల స్పష్టంగా ఉంది, దాన్ని తిప్పే చేయి పొగమంచు. ఎఫ్/4కి మూశాక మనిషీ పనీ రెండూ కనబడ్డాయి. ఫోకస్ చూసుకోవడానికి రికార్డింగ్‌కి ముందు పదిరెట్లు పెద్దది చేసే బటన్ వాడుతుంటే, నాన్న తన భూతద్దం నా చేతికిచ్చి, "దీంతో చూడు, బటన్లెందుకు" అన్నాడు. స్క్రీన్ మీద పెట్టి చూశాను. నిజంగానే పనిచేసింది.

సాయంత్రానికి స్ప్రింగు కడిగి, చుక్క చుక్కగా నూనె వేసి, గడియారాన్ని మళ్ళీ గోడకెక్కించాడు. లోలకం కదిలింది. ఆ చివరి షాట్‌కి మైకుని చొక్కా మీద నుంచి తీసి గడియారం పెట్టె లోపల, కింద అంచున పెట్టాను. నాలుగు నిమిషాలు ఎవరం కదల్లేదు.

ఇందాక అన్నీ ఒకచోట కూర్చి నాన్నకి హెడ్‌ఫోన్ పెట్టి చూపించాను. బొమ్మ గురించి ఏమన్నా అంటాడేమోనని మొహం చూస్తూ కూర్చున్నాను. వెలుగు బాగా పడింది, చేతులు బాగా వచ్చాయి. ఆయన కళ్ళు మూసుకున్నాడు. చివరి షాట్ రెండోసారి పెట్టమన్నాడు, మూడోసారి కూడా.

"టిక్కుకీ టాక్కుకీ ఎడం సమంగా లేదురా" అన్నాడు.

నేను విన్నాను. నిజమే. టిక్‌టాక్ దగ్గరగా, తర్వాత కాస్త ఆగి, మళ్ళీ టిక్‌టాక్. కుంటినడక. గది చప్పుళ్ళ మధ్య గోడ మీద వింటే తెలియలేదు, మైకు పెట్టెలో ఉండేసరికి దాచలేకపోయింది. నాన్న లేచి వెళ్ళి గడియారం అడుగుభాగాన్ని గోరంత ఎడమకి జరిపి, చెవి ఆనించి, ఇంకో వెంట్రుకవాసి జరిపాడు. అది నిటారుగా లేకపోతే అలాగే నడిచి నడిచి ఎప్పుడో ఆగిపోతుందట. ఇన్నాళ్ళూ ఎందుకాగిపోతోందో ఇప్పుడర్థమైందన్నాడు.

"ఆ చివరిది మళ్ళీ తియ్యి" అని పడుకోవడానికి వెళ్ళిపోయాడు.

బ్యాటరీ ఛార్జింగ్‌లో పెట్టాను. మైకు ఇంకా గడియారం పెట్టెలోనే ఉంది.