ఒకే మనిషి, మూడు క్లాసులు

ఈ రోజు బయాలజీ ల్యాబ్‌లో ఉల్లిపొర మీద అయోడిన్ చుక్క వేసి మైక్రోస్కోప్‌లో చూశాను. మొదట అంతా మసక. స్క్రూ కొంచెం తిప్పగానే ఇటుకలు పేర్చినట్టు కణాలు! ఒళ్లు జలదరించింది.

1665లో చెట్టు బెరడు పొరను చూసి వాటికి ‘సెల్’ అని పేరు పెట్టింది రాబర్ట్ హుక్ అని మేడమ్ చెప్పారు. ఎక్కడో విన్న పేరే! ఫిజిక్స్ నోట్సు తీస్తే స్ప్రింగు సూత్రం ఆయనదే. బరువు రెట్టింపైతే సాగడం కూడా రెట్టింపు (ఒక హద్దు దాకా). హిస్టరీలో చదివిన 1666 లండన్ అగ్నిప్రమాదం తర్వాత ఆ నగరాన్ని కొలిచిన సర్వేయర్లలోనూ ఆయన ఉన్నారట.

ఇన్నాళ్లూ నాకు ఒక్కో సబ్జెక్టుకి ఒక్కో నోట్సు, ఒక్కో టెన్షన్. మ్యాథ్స్ అంటే ఇంకా భయమే. కానీ ఆ స్ప్రింగు గ్రాఫు సరళరేఖే కదా, రేపు వాలు లెక్కలు అక్కడి నుంచే మొదలుపెడతాను.