చుక్క గుడ్డు పెట్టలేకపోయిన రెండు రోజులు

ఏప్రిల్ 18, ఉదయం

ప్రొద్దుటూరు ఎండలకు భయపడి మేము ఉదయం ఐదున్నరకే గూటి తలుపు తీసి మేత వేస్తాము. ఈ రోజు మిగిలిన మూడు పెట్టలూ సజ్జల మీద ఎగబడుతుంటే, రెండేళ్ళ వయసున్న మా వనరాజ జాతి పెట్ట చుక్క మాత్రం తోక నేలకు దించి, రొమ్ము పైకెత్తి, గోడ పక్కన నిటారుగా నిలబడింది. కాసేపటికి గుడ్లు పెట్టే గంపలోకి వెళ్ళి కూర్చుంది, రెండు నిమిషాలకే లేచి వచ్చింది, మళ్ళీ వెళ్ళింది. గంటలో ఏడుసార్లు ఇలాగే జరిగింది. కూర్చున్న ప్రతిసారీ తోక పైకీ కిందికీ కదులుతూ, అది ముక్కుతున్నట్టు కనిపించింది.

పక్కింటి అవ్వ చూసి, "అది పొదుగుకొచ్చింది నాయనా, రెండు మునకలేపిచ్చి ఇడ్సిపెట్టు" అన్నది. పొదుగుకు వచ్చిన పెట్టను చల్లనీళ్ళలో ముంచడం మా వైపు అలవాటే. కానీ అలాంటి పెట్ట గంప వదలదు. చేయి పెడితే ఈకలు లేపి పొడుస్తుంది. చుక్క పొడవలేదు, ఊరికే కళ్ళు మూసుకుంది. నా అసలు భయం కొక్కెర తెగులు. అయితే మెడ మెలితిరగడం, రెక్కలు వాలడం, ఆకుపచ్చ పారుడు, గురక, వీటిలో ఒక్కటీ లేదు. తమ్ముడు తొందరపడి ఒక మందుల కొట్టుకు వెళితే, కోడిని చూడకుండానే ఏదో యాంటీబయాటిక్ పొడి చేతిలో పెట్టారు. దానిని వాడలేదు.

అదే రోజు, పదిన్నర

పశువైద్యశాలలో డాక్టరమ్మ చుక్కను తువ్వాలులో చుట్టి పట్టుకోమని, రొమ్ము ఎముక చివర నుండి తోక వరకు మెల్లగా తడిమి, నా వేలిని కూడా అక్కడ పెట్టించారు. మెత్తటి పొట్ట లోపల నిమ్మకాయంత గట్టి ముద్ద తగిలింది. గుడ్డు దారిలో ఇరుక్కుపోయింది. బయటి నుండి నొక్కి తీయాలని ఎంత మాత్రం ప్రయత్నించవద్దని గట్టిగా చెప్పారు, ఎందుకంటే లోపల పెంకు పగిలితే ఆ ముక్కలు పేగులకు, గుడ్డు దారికి గాయం చేస్తాయి, చీము పడుతుంది.

తూకం చూసి కాల్షియం ద్రవం మోతాదు చెప్పారు. దానిని ముక్కు పక్క నుండి చుక్క చుక్కగా వేయాలి. కోడికి గాలిగొట్టపు రంధ్రం నాలుక వెనకే ఉంటుంది కనుక ఒక్కసారిగా పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

సాయంత్రం

చంటిపిల్లకు పోసేంత గోరువెచ్చని నీళ్ళు ప్లాస్టిక్ టబ్బులో పట్టి, పొట్ట మునిగేంత లోతులో చుక్కను ఇరవై నిమిషాలు కూర్చోబెట్టాను. మధ్యాహ్నపు వేడిలో ఈ పని చేయలేదు. నోరు తెరిచి రొప్పుతున్న కోడిని వేడినీళ్ళలో పెట్టడం అపాయం. మొదట రెక్కలు కొట్టుకుంది, ఐదు నిమిషాలకు నా చేతి మీద తల వాల్చింది. తరువాత బాగా తుడిచి, గుడ్డు దారి అంచుకు కొబ్బరినూనె రాసి, చీకటిగా ఉన్న వెనక గదిలో కడప బండల మీద గోనెపట్టా పరిచి ఉంచాను.

ఏప్రిల్ 19

ఉదయం మరోసారి నీళ్ళలో కూర్చోబెట్టి, మందు వేశాను. సాయంత్రం నాలుగింటికి చిన్న అరుపు వినిపించి వెళ్ళేసరికి గోనెపట్టా మీద గుడ్డు ఉంది. పెంకు గరుకు కాగితంలా ఉండి, నడుము చుట్టూ ఒక గట్టు కట్టింది. ఒక చివర బొటనవేలితో తాకితే లోపలికి అణిగింది. చుక్క అప్పటికే నీళ్ళ మూకుడు దగ్గర ఉంది.

ఏప్రిల్ 21

కారణం గురించి డాక్టరమ్మ చెప్పినదంతా రాసి పెడుతున్నాను, ఎందుకంటే పొరపాటు నా మేతలోనే ఉంది. గుడ్డు తయారయ్యే 24 నుండి 26 గంటల్లో సుమారు 20 గంటలు పెంకుకే పడతాయి. ఒక్కో పెంకుకు దాదాపు 2 గ్రాముల కాల్షియం పోతుంది, గుడ్డును బయటికి నెట్టే కండరాలు ముడుచుకోవడానికీ అదే కావాలి. గుడ్లు పెట్టే కోళ్ళ మేతలో 3.5 నుండి 4 శాతం కాల్షియం ఉండాలి. నేను నాటుగా పెంచుతున్నానని సంతోషపడుతూ వేసిన సజ్జలు, జొన్నల్లో అందులో పదో వంతు కూడా లేదు. పైగా ఎండకు రొప్పే కోడి బొగ్గుపులుసు వాయువును ఎక్కువగా వదిలేస్తుంది, దానితో పెంకుకు కావలసిన కార్బొనేటు రక్తంలో తగ్గుతుంది. అందుకే మా ఇంట్లో పెంకులు మార్చి నుండి పలచబడుతూ వచ్చాయి. నేను వాటిని చూసి కూడా పట్టించుకోలేదు.

ఇప్పుడు సగం మేత గుడ్ల కోళ్ళ దాణా. దానితో పాటు ఆల్చిప్పల ముక్కలు వేరే మూకుడులో ఉంచుతున్నాను, ఏ పెట్టకు ఎంత కావాలో అదే తింటుంది. పెంకు రాత్రిపూట ఎక్కువగా ఏర్పడుతుంది కనుక ఆ మూకుడును సాయంత్రం నింపుతున్నాను. మధ్యాహ్నం గూటి మీద తడి గోనెలు కప్పి, నీళ్ళు మూడుసార్లు మారుస్తున్నాను.

ఏప్రిల్ 29

చుక్క తిరిగి గుడ్డు పెట్టింది. 52 గ్రాములు, పెంకు నునుపుగా ఉంది, గట్టు లేదు, కానీ ఒక చివర సున్నపు చుక్కలు కొన్ని ఉన్నాయి. గంపలో ఇరవై నిమిషాలు కూర్చుంది, ఒక్కసారే లేచింది. వేసవి ముగిసే వరకు దాని ప్రతి గుడ్డు బరువూ, గంపలో కూర్చున్న సమయమూ రాస్తాను.