నా ఊపిరిని ఎవరు చూస్తారు?

పళ్ళ డాక్టరు గారి ముందు కూర్చున్న మొదటి రోజే చెప్పేశాను. "నాకేమీ తెలియకూడదండీ. పూర్తిగా నిద్రపుచ్చేయండి. ఆ తర్వాత మీరేం చేసినా సరే."

చిగుళ్ళ జబ్బు పదేళ్ళుగా నా పళ్ళను ఒక్కొక్కటిగా కదిలించేసింది. పైనా కిందా కలిపి 13 మిగిలాయి. వాటిని కూడా తీసేసి, ఎముక చదును చేసి, ఒక్కో దవడలో 4 ఇంప్లాంట్లు, అంటే టైటానియం మరలు, దించి, వాటి మీద కదలని పళ్ళ వరస బిగించాలన్నారు. ఎన్నాళ్ళు నిలుస్తాయి, ఎలా కడుక్కోవాలి అని మా ఆయన అడుగుతుంటే నా బుర్రలో ఒకటే ఉంది: నొప్పి.

దానికో కారణం ఉంది. నా 11వ ఏట చీము పట్టిన దవడ పన్ను పీకారు. ఇంజక్షన్ చేశారు కానీ పని చేయలేదు. నొప్పిగా ఉందని ఏడిస్తే నమ్మలేదు, ఇద్దరు నా చేతులు గట్టిగా పట్టుకున్నారు. ఆ రోజు నుంచి పళ్ళ కుర్చీ చూస్తేనే నా అరిచేతులు తడిసిపోతాయి. నా చిగుళ్ళు ఇంతదాకా రావడానికి ఆ భయమే సగం కారణం. చూపించుకోవాల్సిన ఏళ్ళన్నీ తప్పించుకు తిరిగాను.

ఈ సంగతి చెబితే డాక్టరు గారు చేతిలో పని ఆపేసి నా వైపు తిరిగారు. "చీము పట్టినచోట కణజాలానికి ఆమ్లగుణం పెరుగుతుందమ్మా. అక్కడ ఇంజక్షన్ మందు నరంలోకి సరిగా దిగదు. మీరు ఆ రోజు చెప్పింది నిజమే." నలభై మూడేళ్ళుగా నేను పిరికిదాన్నని నమ్ముతూ వచ్చాను. కాసేపు ఏమీ మాట్లాడలేకపోయాను.

అయినా నా కోరిక మారలేదు. ముక్కుకు మాస్కు పెట్టి గ్యాస్ ఇచ్చే పద్ధతి ఉందన్నారు. అది నైట్రస్ ఆక్సైడ్. 1844లో హొరేస్ వెల్స్ అనే పళ్ళ డాక్టరు ఆ గ్యాస్ పీల్చి తన పన్నే పీకించుకుని చూశాడట. మాస్కు తీసిన కొద్ది నిమిషాల్లో దిగిపోతుంది, కానీ నా భయానికి, ఇంత పెద్ద ఆపరేషన్‌కి అది చాలదనిపించింది. మాత్ర మింగితే ఎంత ఎక్కుతుందో ముందే చెప్పలేమన్నారు. ఇక మిగిలినవి రెండు: చేతి రక్తనాళంలోకి మందు ఇచ్చి మగతలో ఉంచడం, లేదా ఆసుపత్రిలో పూర్తి మత్తు. నేను పూర్తి మత్తే అన్నాను. "ముందు మత్తు డాక్టరు గారితో మాట్లాడండి" అని పంపారు.

ఆవిడ నా పళ్ళ గురించి ఒక్క మాటా అడగలేదు. నోరు పెద్దగా తెరిచి నాలుక చాపమన్నారు. మెడ వెనక్కి వంచమన్నారు. బీపీ మాత్రలేంటి, రక్తం పలచబడే మందులున్నాయా, ఎముకల కోసం ఏమైనా వాడుతున్నారా అని వరసగా అడిగారు. తర్వాత "గురక పెడతారా?" అన్నారు. "కొంచెం" అన్నాను.

పక్కనున్న మా ఆయన నెమ్మదిగా అన్నారు: "కొంచెం కాదండీ. మధ్యలో ఊపిరి ఆగిపోతుంది. నేను లేచి కదుపుతుంటాను."

ఆ సంగతి నాకెప్పుడూ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదని తర్వాత అడిగితే, "నువ్వు కంగారుపడతావని" అన్నారు.

నిద్ర పరీక్ష చేయించారు. గంటకు సగటున 22 సార్లు నా ఊపిరి ఆగడమో, బాగా తగ్గడమో జరుగుతోందని తేలింది. స్లీప్ ఆప్నియా అన్నారు, మధ్యస్థం. పళ్ళ కోసం వెళ్ళిన దానికి ఇది బయటపడింది.

ఆ రిపోర్టు ముందు పెట్టుకుని ఆవిడ చెప్పిన మాటలు నాకింకా గుర్తున్నాయి. మత్తును మెట్లుగా చెప్పారు. మొదటి మెట్టు మీద మెలకువగానే ఉంటాం, బెంగ మాత్రం తగ్గుతుంది. రెండో మెట్టు మీద కళ్ళు మూతపడతాయి, పిలిస్తే పలుకుతాం, ఊపిరి మనమే తీసుకుంటాం. మూడో మెట్టు మీద పిలుపుకి పలకం, ఊపిరికి సాయం కావలసి రావచ్చు. నాలుగోది పూర్తి మత్తు, అక్కడ గొట్టమే ఊపిరిదారి. పని నోట్లోనే కాబట్టి ఆ గొట్టాన్ని ముక్కులోంచి దించుతారు. "మెట్టుకీ మెట్టుకీ మధ్య గోడ లేదమ్మా. జారొచ్చు. మీలాంటివాళ్ళకి నేను ఎక్కువ భయపడేది మూడో మెట్టుకి. గొంతు వదులైపోతుంది, గొట్టమూ ఉండదు."

పూర్తి మత్తు వద్దనలేదు ఆవిడ. గొట్టం ఉంటుంది కనుక ఊపిరిదారి భద్రమే, రెండు దవడలూ ఒకేసారి అయిపోతాయి. కానీ లేచాక గొంతు నొప్పి, ముక్కులోంచి కాస్త రక్తం రావచ్చు. మత్తు దిగే వేళ నాలాంటివాళ్ళని ఎక్కువసేపు కనిపెట్టి ఉండాలి, ఆ రాత్రి ఆసుపత్రిలోనే ఉంచొచ్చు. రెండో మెట్టయితే అంతసేపు సాగదీయరు, రెండు విడతలుగా చేస్తారు. రెండుసార్లు ఆ కుర్చీ ఎక్కాలి. "ఎలా చేసినా చిగుళ్ళకి మామూలు ఇంజక్షన్ తప్పదు. నొప్పిని ఆపేది అదే. నేనిచ్చేది మీ భయానికి."

ఆ ఒక్క వాక్యం కోసమైనా ఆవిడ దగ్గరికి వెళ్ళడం మంచిదయిందని ఇప్పటికీ అనుకుంటాను. నొప్పినీ భయాన్నీ నేను ఎన్నడూ విడదీసి చూడలేదు.

అప్పుడు మొదటిసారి సరైన ప్రశ్న అడిగాను. "నేను మగతలో ఉన్నప్పుడు నా ఊపిరిని ఎవరు చూస్తారు?"

"నేను. ఇంకే పనీ పెట్టుకోను." వేలికి పెట్టే క్లిప్పులో ఆక్సిజన్ అంకె ఆలస్యంగా పడుతుందట. అందుకని ముక్కు దగ్గర సన్నని గొట్టం పెట్టి, బయటికొచ్చే బొగ్గుపులుసు గాలిని కూడా కొలుస్తారు. ఊపిరి ఆగితే ముందు అక్కడే తెలిసిపోతుంది. ఆవిడ వాడే మగత మందు మిడజోలమ్‌కి విరుగుడు మందు ఉంటుంది, అదీ పక్కనే పెట్టుకుంటారు. ఆపరేషన్ చేసే మనిషే మత్తు కూడా చూసుకుంటానంటే నేనిప్పుడు ఒప్పుకోను. ఎవర్నీ ఒప్పుకోవద్దంటాను.

రెండో మెట్టే ఎంచుకున్నాను. కొన్ని వారాల ముందే సీపాప్ మిషను (ఊపిరిదారి మూసుకుపోకుండా మాస్కులోంచి గాలి ఒత్తిడిగా పంపేది) పెట్టుకుని పడుకోవడం మొదలుపెట్టించారు. వెనక ఇంప్లాంట్లను వాల్చి దించుతున్నాం, సైనస్, అంటే పై దవడ మీదుండే గాలి గది, జోలికి పోవడం లేదు కాబట్టి ఆపరేషన్ తర్వాత కూడా మిషను వాడుకోవచ్చని ఇద్దరు డాక్టర్లూ మాట్లాడుకుని చెప్పారు.

పై దవడ రోజు. 6 గంటల ముందు నుంచి తిండి లేదు, నీళ్ళు 2 గంటల ముందు దాకా. చేతికి సూది గుచ్చారు. "ఏదైనా మంచి చోటు తలుచుకోండి" అన్న మాట వరకే గుర్తుంది. తర్వాత ఎవరో పేరు పెట్టి పిలిచి ఊపిరి గట్టిగా పీల్చమనడం, నేను పీల్చడం. ఎముకలో ఏదో అదురు. నొప్పి లేదు. మూడు గంటలు నాకు పది నిమిషాలైంది. మధ్యలో నేను మాట్లాడానట, అదేమీ నాకు తెలియదు.

మూడో రోజుకి ముఖం బాగా వాచింది, కన్ను కింద నల్లబడింది. వాపు రెండు మూడు రోజుల్లో ముదిరి తర్వాత దిగుతుందని ముందే చెప్పారు కాబట్టి బెదరలేదు. ఊపిరిని అణిచే రకం నొప్పి మాత్రలు నాకు రాయలేదు, పారాసెటమాల్, ఐబుప్రొఫెన్‌తోనే గడిచింది. ద్రవాలు, మెత్తనివి. స్ట్రా వద్దన్నారు.

కింది దవడకి వెళ్ళినప్పుడు మళ్ళీ ఆ ఫారం చేతికిచ్చారు. "గతంలో మత్తు మందుతో ఇబ్బంది ఏమైనా?" మొదటిసారి ఆ గడి ఖాళీగా వదిలేశాను. ఈసారి 11వ ఏట జరిగిందంతా రాశాను, గడి చాలక పక్కన కూడా. డాక్టరు గారు అది చదివి, ఇంజక్షన్ తర్వాత చిగురును మొనతో నొక్కి చూశారు. "తెలుస్తోందా?" ఎడమ పక్కన తెలుస్తోందన్నాను. వెంటనే ఇంకొంత మందిచ్చి, మళ్ళీ అడిగే దాకా పని మొదలుపెట్టలేదు. ఆ రోజు మిడజోలమ్ మొదటిసారి కంటే తక్కువే సరిపోయింది.

తర్వాత ఎదురుచూపు. టైటానియం ఎముకకి అతుక్కోవాలి. బ్రోనెమార్క్ అనే స్వీడన్ వైద్యుడు 1950లలో కుందేలు ఎముకలో ఆ సంగతి గమనించి, 1965లో మొదటి మనిషికి పెట్టాడని డాక్టరు గారు చెప్పారు. నాకు అయిదు నెలలు పట్టింది. మొన్న శాశ్వతమైన పళ్ళు బిగించారు, ఇంజక్షన్ అవసరం లేకుండానే.

సీపాప్ మిషను మానలేదు. అది మొదలుపెట్టిన కొత్తలో ఒక రాత్రి మెలకువ వచ్చి చూస్తే మా ఆయన లేచి కూర్చుని ఉన్నారు. ఏమైందన్నాను. "చప్పుడు లేదు. అందుకని చూస్తున్నా" అన్నారు. ఆయన చెయ్యి నా మాస్కు పక్కన, గాలి తగిలే చోట ఉంది.