లంగరు తావుల్లో ఇరుగుపొరుగు

తెరచాప పడవ మీదే కాపురం ఉంటున్నామని చెప్పగానే చాలామంది ముందుగా ఒంటరితనం గురించే అడుగుతారు. నేల మీద ఉన్నన్నాళ్లూ పక్కింటివారి పేరైనా సరిగా తెలియని నాకు, ఇరుగుపొరుగు అంటూ ఏర్పడింది పడవలోకి మారాకే. ఎవరి మీదా ఆధారపడకుండా బతకాలని బయలుదేరినవారే ఒకరి మీద ఒకరు ఇంతగా ఆధారపడడం వింతగా తోచవచ్చు. కానీ ఇంజిన్ మొరాయిస్తే పిలవడానికి మెకానిక్, గాయమైతే వెళ్లడానికి వైద్యశాల కనుచూపు మేరలో లేనిచోట పక్క పడవే దిక్కు.

లంగరు తావులో ఎవరికీ ప్రహరీగోడ ఉండదు, ఒక వృత్తం మాత్రం ఉంటుంది. నీటి లోతుకు, నీటిమట్టం నుంచి పడవ ముక్కు దాకా ఉన్న ఎత్తును కలిపి, దానికి కనీసం ఐదు రెట్లు గొలుసు వదలడం సాధారణ పద్ధతి. అంటే లోతు 5 మీటర్లు, ముక్కు ఎత్తు ఒక మీటరు అయితే 30 మీటర్ల గొలుసు కావాలి. గొలుసుకు బదులు మోకు వాడేవారికి ఏడు రెట్లు అవసరమవుతుంది. గాలి మళ్లినప్పుడల్లా పడవ ఆ గొలుసు చివర తిరుగుతుంది. అందరూ గొలుసు మీదే ఉంటే పడవలన్నీ దాదాపు కలిసే తిరుగుతాయి. మధ్యలో ఒకటి మోకు మీద ఉంటే దాని తిరుగుడు వేరుగా ఉండి, చుట్టుపక్కలవారికి నిద్ర కరవవుతుంది. అందుకే ముందు వచ్చినవారి వృత్తాన్ని తరువాత వచ్చినవారు గౌరవించి తీరాలి, ఎంత గొలుసు వదిలారని అడిగి తెలుసుకున్నాకే తమ లంగరు వేయాలి. పిలవకుండా ఎవరి పడవా ఎక్కకూడదు. ఒడ్డుకూ పడవకూ మధ్య తిరిగే చిన్న పడవను, అంటే డింగీని పక్కన ఆపి, పడవ ఒంటిని వేళ్లతో తట్టి నిలబడాలి. ఈ మర్యాదను అందరూ పక్కన పెట్టే సందర్భం ఒకటే ఉంది. ఈదురుగాలికి ఎవరి లంగరైనా పట్టు తప్పి, యజమాని ఒడ్డున ఉన్న సమయంలో పడవ కొట్టుకుపోతుంటే, దగ్గరలో ఉన్నవారు అనుమతి కోసం ఆగకుండా ఎక్కి మరింత గొలుసు వదులుతారు. ఆ యజమానితో అంతకుముందు మాటలు లేకపోయినా సరే.

పడవలు ఎక్కువగా చేరే తావుల్లో ఉదయం పూట, పడవలవారు ఒకరితో ఒకరు మాట్లాడుకునే వీహెచ్ఎఫ్ రేడియో మీద ఒక సమావేశం జరుగుతుంది. ఛానల్ 16 ఆపద కబుర్లకు, తొలి పిలుపుకు కేటాయించినది కనుక ఈ ముచ్చట మరో ఛానల్ మీద నడుస్తుంది. నడిపే బాధ్యతను స్వచ్ఛందంగా తలా ఒక రోజు తీసుకుంటారు. మొదట అత్యవసరాలు, వైద్య సహాయం. ఆ పైన వాతావరణం, ఆటుపోట్ల వేళలు, కొత్తగా వచ్చినవారు, బయలుదేరుతున్నవారు. ఇక్కడ మనుషులకు ఇంటిపేర్లు ఉండవు, పడవ పేరే ఇంటిపేరు. చివరికి మిగులు సామాను వంతు వస్తుంది: పాత పంపు, చిరిగిన తెరచాప, ఎవరికీ సరిపోని ఇంజిన్ భాగం. సుంకం కట్టకుండా విదేశీ పడవలవారు వస్తువులు అమ్మడం చట్టవిరుద్ధం కాబట్టి, మెక్సికోలోని లా పాస్ వంటి రేవుల్లో ధరను ‘కొబ్బరికాయల్లో’ చెప్పే చమత్కారం ఒకటి స్థిరపడిపోయింది. ఆ కొబ్బరికాయలను ఇంతవరకు ఎవరూ చూసి ఉండరు.

ఈ పరస్పర సహాయం అత్యంత స్పష్టంగా కనిపించేది పనామా కాలువ దగ్గర. చిన్న పడవ కాలువ దాటాలంటే చుక్కాని పట్టినవారు కాక నలుగురు మోకులు పట్టేవారు తప్పనిసరిగా ఉండాలి. చాలా పడవల్లో ఉండేది భార్యాభర్తలు ఇద్దరే. పడవలను పైకి లేపడానికి, దించడానికి రెండు వైపులా గేట్లు మూసే లాకు అనే కాంక్రీటు గదిలోకి నీరు చేరుతుంటే పడవ పైకి లేస్తుంది, సుడులకు అటూ ఇటూ ఊగుతుంది. ఆ సమయంలో నాలుగు మూలల మోకులను సమానంగా బిగిస్తూ ఉండకపోతే పడవ కాంక్రీటు గోడకు కొట్టుకుంటుంది. సముద్రమట్టం నుంచి కాలువ మధ్యలోని గాటూన్ సరస్సు దాకా మొత్తం సుమారు 26 మీటర్లు ఇలా ఎక్కాలి. డబ్బిచ్చి మనుషులను పెట్టుకోవచ్చు గానీ, చాలామంది తమ వంతు రాకముందే మరొకరి పడవ మీద మోకు పట్టడానికి వెళ్తారు. దానివల్ల పని నేర్చుకుంటారు, తమ వంతు వచ్చినప్పుడు సాయానికి మనుషులూ దొరుకుతారు. ఇది త్యాగమేమీ కాదు, ముందుచూపు. నాకు నచ్చేది కూడా అదే: ఇక్కడి మంచితనానికి లెక్క ఉంది, ఆ లెక్కను ఎవరూ దాచుకోరు.

అయితే ఈ పరిచయాలకు రుతువే గడువు. దక్షిణ పసిఫిక్‌లో నవంబరు నుంచి ఏప్రిల్ దాకా తుపానుల కాలం కాబట్టి, అంతకుముందే అనేక పడవలు టోంగా నుంచి న్యూజిలాండ్ వైపు సాగిపోతాయి. దారిలో మినర్వా రీఫ్ అనే పగడపు దిబ్బ ఉంది; పోటు సమయంలో అది దాదాపుగా నీట మునిగిపోతుంది, చుట్టూ నేల అన్నదే కనిపించదు. అనుకూలమైన గాలి కోసం అక్కడ ఆగిన పడవలవారు రోజుల తరబడి కలిసి తిని, కబుర్లాడి, గాలి కుదిరిన పూట పెద్దగా వీడ్కోళ్లు లేకుండానే లంగరు ఎత్తేస్తారు. మళ్లీ కలిస్తే మధ్యలో గడిచిన కాలాన్ని లెక్కచేయకుండా మాట కలుపుతారు, కలవకపోతే నొచ్చుకోరు.

ఉపగ్రహ ఇంటర్నెట్ పడవల మీదికి వచ్చాక ఉదయపు రేడియో సమావేశాలు పలచబడుతున్నాయని పాతకాపులు వాపోతుంటారు. వాతావరణ పటాలు ఎవరికి వారే దించుకుంటున్నారు, కబుర్లు ఫోన్‌లోని గుంపుల్లోకి మారాయి. ఆ సౌకర్యాన్ని నేనూ వాడుతున్నాను, వదులుకోను కూడా. కానీ గుంపులో పెట్టిన సందేశం అందులో చేరినవారికే అందుతుంది. రేడియోలో చెప్పిన మాటైతే ఆ చుట్టుపక్కల మైళ్ల దూరంలో రేడియో తెరిచి ఉంచిన ప్రతి పడవకూ, నిన్న రాత్రి చీకటిలో వచ్చి ఇంకా ఎవరినీ పరిచయం చేసుకోని పడవకూ వినిపిస్తుంది. లంగరు పట్టు తప్పిన రాత్రి మాకు కావలసింది ఫోన్ నంబరు తెలిసిన స్నేహితులు కాదు, దగ్గరలో ఉన్నవారు. అందుకే మా రేడియో రాత్రింబవళ్లు ఛానల్ 16 మీదే ఉంటుంది.